గోడ నాకే గేదె

సత్తెనపల్లి దగ్గర మిరప లారీల మధ్య మా బస్సు గంటసేపు ఇరుక్కుపోయింది. నేను కిటికీ పక్కన కూర్చున్నాను. పక్కావిడ కాళ్ల దగ్గర మా కంపెనీ సుబాబుల్ ఆకు దాణా మూట ఉంది. ఆవిడ నా చొక్కా మీది కంపెనీ పేరు చూసింది.

"పత్తిచెక్క మానేసి మీ దాణానే పెడుతున్నానండి. గేదె పొద్దస్తమానం గోడ నాకుతోంది. ఎందుకంటారు?"

పత్తిచెక్కలో ఉండే భాస్వరం మా దాణాలో తక్కువని, అది చాలకపోతే పశువులు గోడలు నాకుతాయని నాకు తెలుసు. దిగిపోదామంటే మూట అడ్డంగా ఉంది.

"అదే అలవాటు పడుతుందిలెండి" అన్నాను.

"మీకు ఇరుకుగా ఉన్నట్టుంది" అంటూ ఆవిడ మూటను తన ఒళ్లోకి ఎత్తుకుంది. దారి దొరికినా నేను లేవలేకపోయాను.

ఇప్పటికీ ఏ పశువుల కొట్టంలోకి వెళ్లినా, గేదె కంటే ముందు గోడను చూస్తాను.