మూడు ఫేజులు, మూడు వేళ్ళు

2022 ఎండాకాలం. తిరుత్తణి బస్టాండు వెనక వీధిలో నా మోటార్ వైండింగ్ షాపు. వైండింగ్ అంటే కాలిపోయిన మోటారు విప్పి, లోపల మాడిన రాగి తీగ పీకేసి, కొత్త తీగ చుట్టడం. ఇరవై ఏళ్ళుగా అదే పని. మాడిన వాసన చూసి అది ఎందుకు కాలిందో చెప్పేస్తానని నాకు కాస్త పొగరు కూడా ఉండేది.

ఆ ఎండల్లో పళ్ళిపట్టు వైపు నుంచి ఒకే మోటారు రెండు నెలల్లో రెండోసారి వచ్చింది. తెచ్చినవాడు కుమార్. గుమ్మిడిపూండిలో ఫ్యాక్టరీ పని, లీవు పెట్టి వచ్చాడు. విప్పి చూస్తే సింగిల్ ఫేజింగ్. పొలం మోటారుకు కరెంటు మూడు తీగల్లో వస్తుంది, ఒక్కో తీగ ఒక ఫేజు. ఒకటి పోయినప్పుడు స్విచ్ వేస్తే మోటారు మిగతా రెండింటి మీద మూలుగుతూ వేడెక్కి కాలిపోతుంది. మూడూ ఉన్నాయో లేదో తెలియడానికి స్టార్టర్ పెట్టె మీద మూడు చిన్న దీపాలుంటాయి.

"దీపాలు చూసుకోకుండా వేస్తే ఎట్లప్పా? కండ్లు యాడ పెట్టుకోనుండారు మీ ఇంట్లో?" అని కసిరాను.

"మా నాయనకు కండ్లు కనపడవన్నా" అన్నాడు కుమార్.

నోరు పారేసుకున్నందుకు నా మొహం మాడిపోయింది.

కుమార్ వాళ్ళ నాన్న మునిరత్నం మామకు షుగరు వల్ల చూపు పోయి మూడేళ్ళు. అయినా ఎకరన్నర వరికి తనే నీళ్ళు కట్టుకునేవాడు. దీపాలు చూసి చెప్పడం భార్య సరోజమ్మ పని. ఆ ఎండాకాలం ఆమె మోకాళ్ళు పట్టేసి పొలం దాకా నడవలేకపోయింది. ఈయన అదృష్టం మీద భారం వేసి స్విచ్ వేశాడు, మోటారు కాలింది. బాగుచేయించాక మళ్ళీ అలాగే వేశాడు, మళ్ళీ కాలింది. ఇక కోత కాగానే పొలం కౌలుకిచ్చేయడమే అని కుమార్ తీర్మానించేశాడు.

మోటారు బిగించడానికి నేనే వెళ్ళాను. మామ మోటారు షెడ్డు ముందర గట్టు మీద కూర్చుని ఉన్నాడు.

"కౌలుకిచ్చేస్తే నాకు కూడు పెట్టరని కాదు నాయనా, పెడతారు. మంచం మీద కూకోబెట్టి పెడతారు. అదే నాకు బయం" అన్నాడు.

ఫేజు పోతే మోటారును ఆపేసే ప్రివెంటర్ అనే పరికరం ఒకటుంది. దాన్ని అక్కడికక్కడే బిగించాను. దానితో మోటారు బతుకుతుంది. కానీ ఎందుకు ఆగిందో అది చెప్పదు. కరెంటు పోయిందా, ఫేజు పోయిందా, మోటారే చెడిందా తెలియక ఈయన బొత్తాం నొక్కుతూ నిలబడాలి. "వారం టైమియ్యి మామా, నీకు వినపడేటట్టు చేసిస్తా" అని గొప్పగా చెప్పి వచ్చాను.

చేశాను కూడా. మూడు ఫేజులూ ఉంటే బజర్ మోగుతుంది, ఒకటి లేకున్నా మోగదు. బిగించి, మామ చేత భేష్ అనిపించుకుని, బస్సెక్కాను. పది రోజుల తర్వాత అటు పనిబడి తొంగి చూస్తే, నా బజర్ పెట్టెకు పాత పంచె నాలుగు మడతలు చుట్టి తాడుతో కట్టి ఉంది!

"నా కష్టానికి గుడ్డ చుట్టినావా మామా?"

"కోప్పడబాక. రా, కూకో. సద్దు చేయకుండా విను."

మోటారు నడుస్తోంది. కూర్చున్నాను. నాకేమీ తెలియలేదు. ఆయన చెయ్యి చాచి చెప్పుకుపోయాడు. "కాలవలో నీళ్ళు పోతాంటే ఒక సద్దు. మడిలో పడతాంటే ఇంకో సద్దు. మడి నిండినాక అణిగిపోతాది, అప్పుడు ఇంకో మడికి తిప్పుతా. నీ మిషను గుయ్యిమని ఒకటే అరుపు. నీళ్ళు యాడుండాయో నాకు తెలిస్తే కదా! మొన్న గట్టు తెగి పక్కోళ్ళ చేన్లోకి పోయినాయి."

సిగ్గుతో చచ్చిపోయాను. కళ్ళు లేని మనిషి చెవులతో సేద్యం చేస్తుంటే, సాయం పేరుతో ఆ చెవులే మూసేశాను. మొదటిరోజే అడగాల్సిన మాట అప్పుడడిగాను: "మరి ఎట్ల చేయమంటావు మామా?"

"చెవుల జోలికి రాబాక. చేతికి చెప్పు."

షాపులో పడి ఉన్న పాత సెల్‌ఫోన్లు విప్పాను. ఫోన్ వణకడానికి లోపల చిక్కుడు గింజంత మోటారు ఉంటుంది. అలాంటివి మూడు తీసుకుని ప్లాస్టిక్ పెట్టె మూత మీద వేళ్ళ ఎడంతో అతికించాను. ఒక్కో ఫేజుకు ఒక పాత ఫోన్ చార్జరు పెట్టి, ఒక్కో మోటారుకు కలిపాను. చార్జరు కరెంటును బాగా తగ్గించి ఇస్తుంది కాబట్టి చేతికి ప్రమాదం లేదు. పక్కన బొత్తాం నొక్కితేనే వణుకుతాయి. బజర్ పీకేసి దీన్ని బిగించాక, మామ మూడు వేళ్ళు ఆనించి, బొత్తాం నొక్కి, చిన్నపిల్లాడిలా నవ్వాడు.

కోత దగ్గర పడ్డాక కుమార్ కౌలు మాట ఖాయం చేయడానికి ఊరొచ్చాడు. ఆ పగలు నాకు ఫోన్ చేశాడు. "అన్నా, మోటారు ఎత్తుకోలేదు. మళ్ళా కాలిపోయినట్టుండాది. ఇంక వేండాం, ఈ సేద్యం మా వల్ల కాదు." ఇంతలో వెనక నుంచి మామ గొంతు వినపడింది.

"కాలలేదురా! నడిమి వేలికి వణుకు లేదు. నడిమి ఫేజు పోయినాది. పోయి ఈబీ ఆయన్ని పిలుచుకోని రా, ఫ్యూజు వేస్తాడు."

అంత చూపున్న కుమార్ ఆ దీపాల వైపు చూడనే లేదు. గంట తర్వాత మళ్ళీ చేశాడు. కరెంటాఫీసు లైన్‌మేన్ వచ్చి ఫ్యూజు వేశాడట, మోటారు నడుస్తోందట. "మరి కౌలు సంగతి?" అన్నాను. "నాయన మడి తిప్పతా ఉండాడన్నా. ఆయన్ను ఆ గట్టు మీద నుంచి నేనెట్ల లేపేది?" అన్నాడు.

ఆ తర్వాత ఇలాంటి పరికరాలు చూపు లేని ఇంకో నలుగురికి చేసిచ్చాను. ఎవరింటికి వెళ్ళినా ముందు ఒక పూట ఊరికే కూర్చుంటాను. వాళ్ళు చేయలేనిది ఇంట్లోవాళ్ళంతా చెబుతారు. వాళ్ళు ఏం చేయగలరో, దేనికి నేను అడ్డం పడకూడదో మాత్రం వాళ్ళనే అడుగుతాను. ఆ తర్వాతే టూల్స్ సంచి విప్పుతాను.