తొంభై ఆరు మిల్లీమీటర్లు

మా అక్క భర్త దగ్గర వందకు పైగా పాత ఎల్పీ రికార్డులుండేవి. వినడానికి ప్లేయరు లేదు. నా దగ్గర ప్లేయరుండేది, రికార్డులు లేవు. అందుకని బావ తన రికార్డులన్నీ తెచ్చి శ్రీకాకుళంలో నేనద్దెకుంటున్న మేడమీద గదిలో పెట్టేశాడు.

బావ ఆమదాలవలసలో ఒక రైసుమిల్లులో గుమాస్తా. చర్చి కొయిరులో బొంగురు గొంతుతో కింది స్వరం పాడేవాడు. ఆదివారం ఆరాధన అయ్యాక అక్క కట్టిచ్చిన కూర గిన్నె పట్టుకుని బస్సెక్కి వచ్చేవాడు. భోంచేసి, సాయంత్రం దాకా నేల మీద చాప వేసుకుని ఇద్దరం పాటలు వినేవాళ్ళం. అప్పటికి నాకు పెళ్ళి కాలేదు. వారంలో నేను నోరారా మాట్లాడేది ఆ ఒక్క పూటే.

నేను డ్రాఫ్ట్స్‌మన్ని. రోడ్ల డ్రాయింగులు గీయడం నా పని. కొలతల విషయంలో నాకు కాస్త పొగరుండేదని ఇప్పుడు ఒప్పుకోవాలి. ప్లేయరు చేతి చివర ముల్లుండే భాగం, కార్ట్రిడ్జ్, కొత్తది తెప్పించినప్పుడు దాన్ని బిగించడానికి ఇంటర్నెట్‌లో ముల్లు కోణం సరిచూసే గీతల కాగితం, ప్రొట్రాక్టర్ షీటు, ఒకటి సంపాదించి, ఆఫీసులో ప్రింటు తీసుకున్నాను. ప్లేయరు మధ్యనున్న ఇరుసుకి ఆ కాగితం తొడిగి, ముల్లుని అందులోని రెండు చుక్కల మీదా దించి చూడాలి. రెండు చోట్లా కార్ట్రిడ్జ్ పక్కలు కాగితం మీది గీతలకి సమాంతరంగా ఉండాలి. ఒక చోట కుదిరితే రెండో చోట తప్పుతుంది. మళ్ళీ మరలు వదులు చేసి, వెంట్రుకవాసి జరిపి, బిగించాలి. ఆ మధ్యాహ్నమంతా బావ నా పక్కన టార్చిలైటు పట్టుకుని కూచున్నాడు.

"ఏటిరా, బంగారం తూస్తన్నావేటి?" అన్నాడు.

"కొంచెం తేడా వచ్చినా చివర్లో ఉండే లోపలి పాట బొంగురుపోతుంది బావా."

"నా గొంతు బొంగురే గదరా. నానూ కొయిర్లో చివర్లోనే నిలబడి పాడతాను." అని నవ్వాడు.

పని పూర్తయ్యాక రికార్డు లోపలి అంచున ఉన్న చివరి పాట కూడా తేటగా వినిపించింది. బావ కళ్ళు మూసుకుని విన్నాడు.

భోగాపురంలో విమానాశ్రయం వస్తుందన్న మాటలు మొదలైన రోజులవి. ఆ పక్క రోడ్ల సర్వే పని మీద నన్ను పదిరోజులు పంపారు. గది తాళం బావకిచ్చి, కుండీల్లో మొక్కలకి నీళ్ళు పోయమన్నాను. తిరిగొచ్చాక ఎందుకో ముల్లు ఒకసారి సరిచూద్దామనిపించింది. పాత షీటు వెతికితే దొరకలేదు. మెయిల్లో ఉన్న ఫైలు తీసుకెళ్ళి వీధి చివర జిరాక్సు షాపులో కొత్త ప్రింటు తీయించాను. ఇంటికొచ్చి పెట్టి చూస్తే కార్ట్రిడ్జ్ పక్కలు గీతలకి సమాంతరంగా లేవు. స్పష్టంగా పక్కకి తిరిగి ఉన్నాయి.

ఆదివారం బావ రాగానే అడిగాను. "కార్ట్రిడ్జ్ ఎందుకు కదిపావు?"

"నాను ముట్టనేదురా. నువ్వు నేకుండా ఆ పెట్టి మూత కూడా తియ్యనేదు."

"మరి దానంతటదే జరిగిందా? తాళం నీ దగ్గరే ఉంది కదా?"

"ముట్టనేదంటే ముట్టనేదు. పాట పెట్టి సూడు, బాగానే ఉంటాది."

పాట పెట్టి చూసుంటే సరిపోయేది. చూడలేదు. కాగితం చూపించి, "ఇది అబద్ధం చెబుతుందా?" అన్నాను. అతని ఎదుటే మరలు విప్పి, కొత్త షీటు ప్రకారం మళ్ళీ బిగించాను. ఈసారి బావ టార్చి పట్టుకోలేదు. పని అయ్యాక రికార్డు పెడితే చివరి పాట గరగరమంది. ముల్లు కూడా దెబ్బతిందని తేల్చేశాను. అంతటితో ఊరుకోక అక్కకి ఫోన్ చేసి, "పాడుచేశాడు సరే, ఒప్పుకోవచ్చు కదా" అన్నాను. బావ అక్కడే కూచుని అంతా విన్నాడు.

మరుసటి వారం మిల్లు సంచులు తెచ్చుకుని రికార్డులన్నీ సర్దుకున్నాడు. "కూర మీ అక్క పంపింది, తిను," అని చెప్పి వెళ్ళిపోయాడు. నేను మెట్ల దాకా కూడా వెళ్ళలేదు.

ఏడాది పైన గడిచింది. ఒకసారి ఆఫీసు ప్రింటరు పాడైతే చిన్న డ్రాయింగొకటి అదే జిరాక్సు షాపులో తీయించాను. అలవాటుగా స్కేలు పెట్టి చూస్తే కొలత తక్కువగా ఉంది. షాపాయన్ని అడిగాను.

"కాయితంలో పట్టాలని కంప్యూటరే కొంచెం సిన్నది సేసేస్తాది సార్. అన్నిటికీ అలాగే వస్తాది," అన్నాడాయన.

ఇంటికి పరుగెత్తాను. ఆ ప్రొట్రాక్టర్ షీటు అడుగున ఒక గీత ఉంటుంది. పక్కన వంద మిల్లీమీటర్లు అని రాసి ఉంటుంది. ప్రింటు సరైన సైజులో వచ్చిందో లేదో చూసుకోవడానికే అది. స్కేలు పెట్టాను. తొంభై ఆరు. ఆఫీసు ప్రింటుతో చేసిన మొదటి అమరిక సరిగ్గానే ఉంది. దాన్ని చెడగొట్టింది నేను. కొత్తగా చేరిన వాళ్ళకి, ముందు స్కేలు చూడండి, తర్వాతే డ్రాయింగు నమ్మండి అని రోజూ చెప్పే మనిషిని.

ఆ పూటే ఆమదాలవలస వెళ్ళాల్సింది. అరగంట దారి. సిగ్గుతో వెళ్ళలేకపోయాను. రేపు, వచ్చే వారం అనుకుంటూ నాలుగు నెలలు గడిపేశాను.

చివరికి వెళ్ళేసరికి వాళ్ళు ఇల్లు మారి ఉన్నారు. బావ ఇంకా మిల్లు నుంచి రాలేదు. కొత్తింట్లో రికార్డులు కనపడకపోతే అక్కనడిగాను.

"సామాను సర్దినప్పుడు ఇజీనగరం ఆయనకెవరికో ఇచ్చేసినాడురా. పోయిన నెల్లోనే. నాను వద్దన్నాను. ఇనేవోళ్ళకి ఇస్తే మంచిది గదా అన్నాడు."

బావ వచ్చాక షీటు, స్కేలు ముందు పెట్టి జరిగింది చెప్పాను. తప్పు నాదేనన్నాను. బావ స్కేలు తీసుకుని తనే కొలిచి చూశాడు.

"కాయితం తప్పు సెప్పింది, సరే. దాన్ని నమ్మినావు. నాను సెప్పింది ఎందుకు నమ్మనేదురా?" అన్నాడు. గొంతులో కోపం లేదు. కోపముంటే నాకు తేలికగా ఉండేది.

అక్క అన్నం పెట్టింది. ఇద్దరం తిన్నాం. బావ నన్ను ఆటో దాకా సాగనంపాడు. దారిలో నా ఉద్యోగం గురించీ, పెళ్ళి సంబంధాల గురించీ అడిగాడు. ఆటో ఎక్కబోతూ, ప్లేయరు మళ్ళీ సరిగ్గా బిగిస్తానని, ఆదివారం రమ్మని పిలిచాను.

"ఆదివారాలు ఇప్పుడు కొయిరు ప్రాక్టీసు పెట్టుకున్నాంరా. మద్దేన్నం అంతా దానికే సరిపోతంది," అన్నాడు.

అది సాకు కాదు. నిజమేనని అక్క తర్వాత చెప్పింది.