మూడు గీతలు కలిపినందుకు

సత్యకుమారిది ముమ్మిడివరం పక్కన పల్లె. రొయ్యల ఫ్యాక్టరీలో ఆరేళ్లు కోల్డ్ స్టోరేజీ ఉష్ణోగ్రతలు గంటగంటకీ కంప్యూటర్లో ఎక్కించింది. ఫ్యాక్టరీ మూతపడ్డాక బహ్రెయిన్ వచ్చి, గలాలీలో లక్ష్మిప్రసన్న ఇంట్లో పనికి కుదిరింది. తెలుగువాళ్ల ఇల్లు కదా అని ధైర్యంగా వచ్చింది. రెండేళ్లుగా ఆ ఇంట్లో ఆమె పేరు "ఇదిగో".

ఆగస్టులో ఆ ఇంటి పిల్ల మల్లిక బళ్లో ఇచ్చిన సెలవుల ప్రాజెక్టు మొదలెట్టింది. భూమి ఎంత వేడెక్కిందో లెక్కగట్టే మూడు సంస్థల అంకెలు ఎక్సెల్‌లో వేసి పోల్చాలి. వేస్తే మూడు గీతలు మూడు ఎత్తుల్లో వచ్చాయి. ఒకే భూమికి మూడు వేడులేమిటని పిల్ల రెండు రోజులు ఏడ్చింది.

నేల తుడుస్తున్న సత్యకుమారి ఆగి, అంకెల కింద రాసిన వివరాలు చదివింది.

"అంకెలు తప్పు కాదు పాపా. ఒక్కొక్కళ్లూ ఒక్కో కాలం సగటుని సున్నా అనుకుని, అక్కణ్ణించి ఎంత పెరిగిందో రాశారు. ముగ్గురికీ ఒకే ముప్పై ఏళ్లు తీసుకో. ఆ ఏళ్లకి సగటు కట్టి, ఎవరి సగటు వాళ్ల అంకెల్లోంచి తీసెయ్."

"చేసి చూపించవా?"

చేతులు తుడుచుకుని కుర్చీ అంచున కూర్చుంది. పది నిమిషాల్లో మూడు గీతలూ దాదాపు ఒకటయ్యాయి. చాన్నాళ్లకి ఆమెకి సంతోషమేసింది. అప్పుడే లక్ష్మిప్రసన్న గదిలోకొచ్చింది.

"దీన్నెవరు కూర్చోమన్నారు?"

మల్లిక తల దించుకుంది. "తనే కూర్చుంది మమ్మీ. నేను వద్దన్నాను."

సత్యకుమారి పిల్ల వంక చూసి, కుర్చీలోంచి లేచింది. లక్ష్మిప్రసన్న అరవలేదు. మేడ మీద సత్యకుమారి గదిలోంచి ఏసీ రిమోటు తెచ్చి బీరువాలో పెట్టి తాళం వేసింది.

"వేడి లెక్కలు బాగా వచ్చుగా. లెక్కేసుకుంటూ పడుకో."

పదకొండు రోజులు అలాగే గడిచాయి. తెల్లారినా గది గోడలు చల్లారేవి కావు. మెడ నిండా చెమటకాయలు లేచి పగిలాయి. చూడలేకపోతున్నానంటూ లక్ష్మిప్రసన్న ఆమెని మెడకి పాత తువ్వాలు చుట్టుకోమంది. పన్నెండో రోజు సత్యకుమారి పొయ్యి దగ్గర పడిపోతే, వంట ఆలస్యమైందని తిట్టి రిమోటు ఇచ్చింది.

సెప్టెంబరులో ఆ ప్రాజెక్టుకి మొదటి బహుమతి వచ్చింది. శుక్రవారం మధ్యాహ్నం విందు పెట్టారు. కాలేజీలో పాఠాలు చెప్పే బంధువు అప్పాజీ కాగితాలు తిరగేసి మెచ్చుకున్నాడు.

"ఈ సగటు ఎందుకు తీసేశావమ్మా?"

పిల్ల ఆ కాగితం అందుకుని అటూ ఇటూ తిప్పింది. మంచినీళ్ల ట్రేతో నిలబడ్డ సత్యకుమారికి జాలేసింది.

"ముగ్గురి సున్నా ఒకటి కావాలి కదా పాపా," అని మెల్లగా మాట అందించింది.

అప్పాజీ పకపకా నవ్వాడు. "పనమ్మాయికి తెలిసింది నీకు తెలీదా?" అందరూ నవ్వారు. మల్లిక గదిలోకెళ్లి తలుపేసుకుంది. చుట్టాలు వెళ్లాకే బయటికొచ్చింది.

"దాన్ని పంపించెయ్ మమ్మీ. దాని మొహం చూడను."

రెండు రోజుల్లో సత్యకుమారిని తుబ్లీలో తెలిసినవాళ్లింటికి మార్చారు, మంచం పట్టిన ముసలాయనకి సేవ చెయ్యడానికి. గేటు దగ్గర లక్ష్మిప్రసన్న ఆమె సంచీ విప్పించి, ఒక్కో బట్టా దులిపి చూసింది. ఒక రవిక కింద పడింది. మల్లిక దాన్ని చెప్పుకాలితో సంచీ వైపు నెట్టింది.