వంటిల్లు పంచుకున్నందుకు

ఆంటీ పోయారని పోయిన నెల ఒక ఉదయం తెలిసింది. టూవూంబాలో మా ఇంటి ముందు కారు అద్దం మీద పేరుకున్న మంచు గీకుతున్నాను. ఫోన్ చేసింది ఆమె అక్క కొడుకు. సిడ్నీ శివారు కెల్లీవిల్‌లో ఉంటాడు. పిన్నిని ఖాలా అని పిలిచేవాడు.

"ఖాలా పోయిందక్కా. తెల్లవారుజాము నమాజుకి లేవలేదు. నిద్రలోనే... మధ్యాహ్నమే జనాజా."

నేను బ్రిస్బేన్ దాకా కారులో వెళ్ళి, అక్కడ విమానం ఎక్కి సిడ్నీ చేరేలోపు ఆమెను మట్టిలో పెట్టేస్తారని ఇద్దరికీ తెలుసు. "నిదానంగా రా అక్కా," అన్నాడు. ఫోన్ జేబులో పెట్టుకుని, అద్దం మీద మిగిలిన మంచంతా గీకేశాను.

మీలో ఎవరికీ ఆమె తెలిసి ఉండదు. సిడ్నీలో పారమట్టా స్టేషన్‌కు నడిచి వెళ్ళేంత దూరంలో, లిఫ్టు లేని ఎర్ర ఇటుకల ఫ్లాట్లలో, పై అంతస్తులో అద్దెకుండేవారు. కడపలో ఆడపిల్లల హైస్కూల్లో సోషల్ టీచరుగా పనిచేసి, భర్త ఉద్యోగం కోసం ఈ దేశం వచ్చారు. ఆయన పోయాక ఒంటరిగా మిగిలారు. పిల్లలు లేరు. సొంత ఇల్లు ఎప్పుడూ లేదు. ప్రభుత్వం ఇచ్చే పెన్షనూ, దానితోపాటు అద్దె కట్టుకునేవాళ్ళకిచ్చే సాయమూ, అవే ఆమె ఆధారం. చీర కింద తెల్ల స్పోర్ట్స్ షూ వేసుకుని రోజూ నది ఒడ్డున నడిచేవారు. ఊరికే పంచే పేటపత్రికలో కౌన్సిల్ ప్రకటనలు కూడా వదలకుండా పైకి చదివేవారు, తప్పులు దొరికితే ఎర్ర పెన్నుతో దిద్దేవారు. బస్సు దిగుతూ డ్రైవరుకు, ఆఫ్టర్‌నూన్‌ను ఇక్కడివాళ్ళలాగే కురచ చేసి, "హావ్ ఎ గుడ్ ఆర్వో" అని చెప్పేవారు. ఆ మాటలో కూడా కడప యాస వినిపించేది.

నేను కాకినాడ నుంచి సిడ్నీ వచ్చింది వైటూకే రోజుల్లో. సంవత్సరాన్ని రెండంకెల్లో రాసుకున్న పాత ప్రోగ్రాములన్నీ కొత్త శతాబ్దంలోకి అడుగుపెట్టగానే కూలిపోతాయని ప్రపంచమంతా భయపడుతున్న కాలం. మాలాంటివాళ్ళం కూర్చుని వాటిని వరుస వరుసా సరిచేశాం. ఆంటీ ఫ్లాటు కింది ఫ్లాటులో నేనూ, నాతో పనిచేసే ఇద్దరు అమ్మాయిలూ కలిసి అద్దెకుండేవాళ్ళం. కొత్త సంవత్సరం వచ్చింది. ఏదీ కూలలేదు. ఆఫీసులో కేకు కోశారు. కొద్ది వారాలకే మా కాంట్రాక్టులు ముగిశాయి.

ఒకమ్మాయి మెల్‌బోర్న్ వెళ్ళింది. ఇంకొకామె హైదరాబాదు వెళ్ళిపోయింది. మొత్తం అద్దె నా ఒక్కదాని మీద పడింది. ఆ యేడాది సిడ్నీలో ఒలింపిక్స్ అని ఆ చుట్టుపక్కల అద్దెలు పెంచుతున్నారు. కొత్తగా వచ్చి స్థిరపడినవాళ్ళకు రెండేళ్ళు నిండేదాకా ప్రభుత్వ సాయం రాదు. నాకు నిండలేదు. ఫ్లాటు ఖాళీ చేయాల్సిన రోజు కంప్యూటరు పెట్టె మోసుకుని మెట్లు దిగుతుంటే ఆంటీ నది నుంచి వస్తూ ఎదురయ్యారు. అప్పటిదాకా మా పరిచయం పలకరింపుల వరకే.

"యాడికి పోతాండావు పాపా?"

"ఇంకా తెలీదాంటీ. స్టేషన్ దగ్గర హాస్టల్ ఏదైనా ఉందేమో చూద్దామని..."

"తెలీకుంటే ఇంత బరువు కిందికి మోసేదెందుకు? పైకి మోయి."

పెట్టెకు రెండో పక్క ఆమే పట్టుకున్నారు. ఆ వయసులో, మెట్ల మీద, ఎక్కడా ఆగకుండా.

ఆ ఇంట్లో చిన్న గది నాదైంది. అద్దె మాటెత్తితే "జాబ్ రానీ, సూద్దాం," అనేవారు. నేను ఉద్యోగాలకు అప్లై చేస్తూ ఉండేదాన్ని. కంప్యూటర్ల పని తెలిసినవాళ్ళ కోసం దేశాలన్నీ ఎగబడుతున్నాయని పేపర్లు రాస్తున్నా, నాకు తెలిసిన పాత భాష ఇక ఎవరికీ అక్కర్లేకపోయింది. కొత్తవి నేర్చుకోవాలి. పగలు లైబ్రరీలో నేర్చుకునేదాన్ని.

కొన్నాళ్ళకు ఒక ఉదయం ఆంటీ ఇస్త్రీ చీర కట్టుకుని, "పా, గవర్నమెంటు ఆఫీసుకు పోయొద్దాం," అన్నారు. ఎందుకో చెప్పలేదు. కౌంటర్ దగ్గరకు వెళ్ళాకే నాకు అర్థమైంది.

"మా ఇంట్లో ఈ అమ్మాయి కూడా ఉంటోంది. అది మీకు చెప్పాలి కదా," అన్నారు ఇంగ్లీషులో, క్లాసులో పాఠం చెప్పినట్టు నిదానంగా.

కౌంటర్లో ఉన్న యువతి మంచిది. గొంతు తగ్గించి, "చుట్టపుచూపుగా వచ్చిందా? కొద్దిరోజుల్లో వెళ్ళిపోతుందా? అలాగైతే ఏమీ మారదు," అంది. చుట్టమని చెప్పమన్నట్టే ఉంది ఆమె చూపు.

"వచ్చినప్పుడు అతిథే. ఇప్పుడు నా పాలు ఏ గిన్నెలో పొంగుతాయో దానికి తెలుసు. ఎప్పుడు పోతుందో నాకు తెలీదు. ఉద్యోగం దొరికేదాకా ఉంటుంది."

ఆ యువతి నిట్టూర్చి వివరించింది. ఒంటరి మనిషి వంటిల్లూ బాత్‌రూమూ ఇంకొకరితో పంచుకుంటూ ఉంటే, ఖర్చు కూడా పంచుకుంటున్నట్టే లెక్క. కాబట్టి అద్దె సాయంలో కోత పడుతుంది. నేను అద్దె ఇవ్వకపోయినా అంతే. పైగా ఆ సాయానికి ఒక పరిమితి ఉంది. ఇంటి అద్దె ఎంత పెరిగినా సాయం అది దాటి పెరగదు.

బయటికి రాగానే అన్నాను. "ఆంటీ, నేను వెళ్ళిపోతాను. నా వల్ల మీకు..."

"నీ వల్ల కాదు పాపా. రూలు వల్ల. రెండూ కలపొద్దు."

అబద్ధం ఆడకుండానే ఆ కోతను ఒప్పుకోకుండా ఉండటం ఎలాగో అప్పటిదాకా నాకు తెలియదు. ఆమె నిజం చెప్పారు. చెప్పిన మరునాడే ఆ నిర్ణయం మీద అప్పీలు పెట్టారు.

ఆ ఆదివారం కెల్లీవిల్‌లో అక్క కొడుకు ఇంట్లో బార్బీ, అదే బార్బెక్యూ. చికెన్ కాలుస్తూ ఎవరో ఈ మాటెత్తారు. అక్కడికి వచ్చినవాళ్ళలో గుంటూరు నుంచి వచ్చిన ఒక డాక్టరుగారు ఉన్నారు. ఇక్కడ చాలా ఏళ్ళుగా స్థిరపడినవారు. ఆయన మొహమాటం లేకుండా అన్నారు.

"ఆంటీ, మీరేమీ అనుకోకండి. ఇద్దరు కలిసుంటే ఖర్చు తగ్గుద్దా లేదా? అట్లాంటప్పుడు ఒక్కళ్ళే ఉండేవాళ్ళకిచ్చినంతే మీకూ ఇస్తే వాళ్ళకి అన్‌ఫెయిర్ కదండీ? హద్దు లేకుండా ఇస్తా పోతే, గవర్నమెంటే ఇస్తోంది కదా అని ఓనర్లు రెంట్లు ఇంకా పెంచుతారు. ఎట్ ద ఎండ్ ఆఫ్ ద డే అదంతా మా టాక్సే."

అందరూ పళ్ళేల్లోకి చూసుకున్నారు. ఆంటీ మాత్రం కుర్చీ ఆయన వైపు తిప్పుకున్నారు. మంచి ప్రశ్న వేసిన విద్యార్థిని చూసినట్టు చూశారు.

"మీరు చెప్పిండేది కొట్టిపారేసేదానికి లేదు డాక్టరు బాబూ. హద్దు ఉండాల్సిందే. సంపాదించుకునే పిల్లోళ్ళు నలుగురు ఒక ఇంట్లో ఉంటే కోసేది న్యాయమే. నా ఇంట్లో ఉండే పాపకి జీతం లేదు. ఈ దేశం ఇంకా ఏమీ ఇయ్యదు. నేను దాన్ని ఎల్లగొడితే నాకు మళ్ళా మొత్తం సాయం వచ్చాది. పెట్టుకుంటే తగ్గిచ్చారు. దుడ్లు మిగిలిచ్చేదానికి పెట్టిన రూలు మనిషికి ఏం నేర్పిచ్చాంది అనేది గూడా సూడల్ల గదా?"

డాక్టరుగారు చేతిలోని ఫోర్కు పళ్ళెంలో పెట్టారు. "దట్స్ ఎ ఫెయిర్ పాయింట్," అన్నారు. ఒప్పుకున్నట్టు కాదు, ఆలోచిస్తానన్నట్టు. ఆంటీ ఆయన పళ్ళెంలో ఇంకో చికెన్ ముక్క వేశారు.

అప్పీలు విచారణ సిటీలో. ఇద్దరం రైల్లో వెళ్ళాం. చలికాలం. ప్యానెల్లో ముగ్గురు కూర్చున్నారు, వెనక కిటికీలోంచి హార్బర్ నీళ్ళు మెరుస్తున్నాయి. ఆంటీ లేచి నిలబడ్డారు. కూర్చునే మాట్లాడవచ్చని చెప్పినా, "పాఠం చెప్పేటప్పుడు నేనెప్పుడూ కూర్చోలేదు," అన్నారు. వాళ్ళు నవ్వారు. ఆ తర్వాత నవ్వలేదు.

కన్నీళ్ళు పెట్టుకుంటారేమో, బతిమాలతారేమో అని నేను అనుకున్నాను. ఆమె తన కష్టం గురించి ఒక్క ముక్క చెప్పలేదు. ఒక రూలును బల్ల మీద పెట్టి దాని ముందూ వెనకా చూపించినట్టు మాట్లాడారు. డాక్టరుగారి వాదన కూడా ఆయన పేరు ఎత్తకుండా, ఆయనకంటే బాగా చెప్పి, ఎక్కడిదాకా అది సరైనదో చూపించి, ఎక్కడ ఆగాలో చూపించారు. వింటుంటే, నాతో ఒకే పొయ్యి మీద టీ కాచుకునే మనిషేనా ఈమె అనిపించింది.

మధ్యలో కూర్చున్న పెద్దాయన విచారంగా అన్నాడు. "మేడమ్, మీరు చెప్పింది నాకు అర్థమైంది. కానీ చట్టం ఇలా ఉంది. మార్చే అధికారం మాకు లేదు." కొంచెం ఆగి అడిగాడు. "ఈ తీర్పు మీకు వ్యతిరేకంగా వస్తే, ఈ అమ్మాయి మీ ఇల్లు వదిలి వెళ్ళాల్సి వస్తుందా?"

"లేదు సర్. ఆ విషయం నేను మీ ముందు పెట్టలేదు. అది ఎప్పుడో తేలిపోయింది."

ఆ పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఎన్నో గొప్ప సభలు చూశాను తర్వాత. ఒక మాటకు అంత బరువు మళ్ళీ ఎక్కడా చూడలేదు.

ఓడిపోయాం. ఆ సాయంత్రం రైల్లో ఆమె కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు. పారమట్టా దగ్గరపడుతుండగా ఉన్నట్టుండి నవ్వారు.

"నేను పంచుకునేదాన్నని రాసుకున్నారు గదా. అట్లయితే బాగానే పంచుకుందాం."

మరుసటి వారం తన పెద్ద పడకగది ఖాళీ చేసి, అద్దాలు బిగించిన బాల్కనీలోకి మంచం మార్చుకున్నారు. నేనెంత వద్దన్నా వినలేదు. పెద్ద గదిలోకి ఫిజీ నుంచి వచ్చిన ఒక నర్సు దిగింది. ఆమె ఇచ్చే అద్దెతో కోత కొంత పూడింది. ఓనరు అనుమతి, ప్రభుత్వానికి చెప్పడం, అన్నీ పద్ధతిగానే. సాయం ఇంకా తగ్గితే తగ్గనిచ్చారు. వంటింట్లో ముగ్గురం మూడు రకాల పప్పు వండుకున్నాం. ఆ చలికి బాల్కనీలో దుప్పట్ల కింద ముడుచుకున్న ఆంటీని చూసి నేనొకసారి ఏడిస్తే, "ఈడ నించి సూడు పాపా, రైళ్ళు కనపడతాయి. నాకే మేలు," అన్నారు.

ఒలింపిక్స్ అయిపోయాక నాకు టూవూంబాలో యూనివర్సిటీలో ఉద్యోగం దొరికింది. నేను ఖాళీ చేసిన గది ఖాళీగా ఉండలేదు. ఆ తర్వాత ఎవరెవరు వచ్చారో ఫోన్లో చెబుతుండేవారు. భర్తను పోగొట్టుకున్న ఒక శ్రీలంక ఆవిడ, టెలికాం కంపెనీలు మూతపడ్డప్పుడు ఉద్యోగం పోయిన మన ఒంగోలు అమ్మాయి, ఇంట్లోంచి గెంటేసిన ఒక ఆస్ట్రేలియా పిల్ల. స్థిమితపడిన ప్రతి మనిషినీ తనే సాగనంపేవారు. "నిలదొక్కుకున్నాక ఈడుంటే ఇంకొకరి చోటు తిన్నట్టు," అనేవారు.

కొన్నేళ్ళ తర్వాత ఒకరోజు ఫోన్లో ఆమె గొంతు భలే హుషారుగా ఉంది. "నిన్న డాక్టరు బాబు ఫోన్ చేసినాడు పాపా. వాళ్ళ హాస్పిటల్లో ఒకమ్మాయి, మొగుడు కొడతాంటే పిల్లను తీసుకొని వచ్చేసిందంట. యాడా ఉండేదానికి లేదంట. 'మీరేమీ అనుకోకపోతే' అంటాడు! నేనేం అనుకుంటా? పంపీ బాబూ అన్నా." ఆయనే స్వయంగా ఆ తల్లినీ బిడ్డనూ కారులో దింపి, వాళ్ళ పరుపును మెట్ల మీదుగా పైకి మోశారట. ఇద్దరూ మళ్ళీ ఆ రూలు గురించి టీ తాగుతూ వాదించుకున్నారట. ఎవరూ గెలవలేదని చెప్పి పకపకా నవ్వారు.

ఆ రూలు ఆమె ఉన్నంతకాలం అలాగే ఉంది. ఆమె కూడా అలాగే ఉన్నారు.

జనాజా అయిన మర్నాడు సిడ్నీలో దిగి, అక్క కొడుకు ఇంటికి వెళ్ళే ముందు ఆ మెట్లు ఒకసారి ఎక్కాలనిపించింది. విమానాశ్రయం నుంచి నేరుగా వెళ్ళాను. పై అంతస్తులో బెల్లు కొట్టాను. ఇరవై ఏళ్ళు దాటీ దాటని అమ్మాయి తలుపు తీసింది. వరంగల్ నుంచి చదువుకోవడానికి వచ్చిందని తర్వాత తెలిసింది. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బి ఉన్నాయి. నన్నూ, నా పక్కన ఉన్న సూట్‌కేసునూ చూసింది.

"ఆంటీ లేరక్కా. నిన్న పొద్దుగాల పోయిన్రు," అంది. నేను జవాబు చెప్పేలోపే కళ్ళు తుడుచుకుని అడిగింది. "మీకు ఉండనీకి జాగ కావాల్నా? ఓనరు కొన్ని రోజులు ఉండుమన్నడు. రూము మీరు తీస్కోండ్రి, నేను హాల్ల పండుకుంట."

నేను ఎవరో, ఎందుకొచ్చానో చెప్పడానికి నోరు తెరిచాను. ఆ పిల్ల అప్పటికే వంగి, నా సూట్‌కేసును రెండు చేతులా ఎత్తుకుని, గడప దాటించి లోపలికి తీసుకెళ్తోంది.