దొడ్డుగైన చిలుక

నేను దేవరకొండకు కాపురానికి వచ్చిన ఏడాది వానల్లేవు. ఊళ్లో ఎవరిని చూసినా పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. మా మామ పటేలుకు మాత్రం తన ఇంటి తిండంటే మహా గర్వం.

ఆ చలికాలం మా పంజరంలోని రామచిలుక పలకడం మానేసి, ఈకలు ఉబ్బించుకుని, పొద్దంతా కళ్లు మూసుకుని కూర్చునేది. ఇంటికొచ్చిన ప్రతి మనిషినీ మామ పంజరం దగ్గరికి తీసుకెళ్లి, "మా ఇంట్ల చిలుక సుత దొడ్డుగైతది, చూడు" అనేవాడు. పటేలు మాట ఎవరు కాదంటారు, అందరూ తలలూపేవాళ్లు. గింజలు ముట్టడం లేదని నేనంటే, "కడుపు నిండినదానికి గింజలెందుకు?" అన్నాడు.

ఒకరోజు పావురాలు పెంచే కాసిం వచ్చాడు. నలుగురి ముందే చిలుకను చేతిలోకి తీసుకుని రొమ్ము ఎముక తడిమాడు.

"పటేలా, ఇది దొడ్డుగ గాలే. పానం బాగలేక ఈకలు లేపింది. రొమ్ము బొక్క కత్తి తీరుగ తగులుతాంది. ఇంకో రెండు దినాలైతే సచ్చేది."

తలలూపినవాళ్లంతా నేల చూశారు. మామ తలపాగా సర్దుకున్నాడు. కాసిం చెప్పినట్టు నేను పంజరానికి గోనెపట్టా చుట్టి, పొగ తగలని వెచ్చని మూలన పెట్టి, మెత్తగా ఉడికిన జొన్నలు తినిపించాను. వారం తిరిగేసరికి చిలుక నా వేలు కొరికింది.

మరుసటేడు కాన్పయ్యాక నా ముఖమూ కాళ్లూ ఉబ్బాయి. మామ అరుగు మీద కూర్చుని ఎవరికో చెబుతున్నాడు: "మా కోడలు సుత మంచిగ దొడ్డుగైంది."

ఆ మాట చెవిన పడగానే చెప్పులు తొడుక్కుని, ఆయన ముందునుంచే దవాఖానకు నడిచాను.