నాకొక్కదానికే మూసిన పేజీ

చెయ్యి జారిందని మా ఊళ్లో వెబ్‌సైట్లు నడిపే ఆయన ఫోన్ చేసిన ఉదయం నేను ఆదోనిలో మా ఇంట్లోనే, ఖురాన్ చదవడం ముగించి కంప్యూటర్ ముందు కూర్చున్నాను. నేను బడికి పోలేదు. అక్షరాలు నాన్న నేర్పాడు, కంప్యూటర్ నాకు నేనే నేర్చుకున్నాను. ఎమ్మిగనూరులో ఒక నేత కుటుంబం పెట్టుకున్న చీరల వెబ్‌సైట్‌ను ఇంటి నుంచే చూసుకునేదాన్ని. ఆ వెబ్‌సైటూ, ఇంకా చాలా దుకాణాలవీ ఆయన నడిపే ఒకే సర్వర్‌లో ఉండేవి. ఎవరి సరుకుల పట్టికలుండే డేటాబేస్ వాళ్లు తెరిచి దిద్దుకునేందుకు మా అందరికీ ఒక పేజీ ఇచ్చాడు. అందరివీ తెరిచే పాస్‌వర్డ్ మాత్రం ఆయన దగ్గరే.

"అక్కా, వేరేవాళ్లది అనుకోని మీ చీరల పట్టిక తుడిపేసినా. పాత కాపీ ఉండాది, పెడతాండా. కొత్త చీరలు మాత్రం పోయినట్టే. కొంచెం దువా చెయ్యక్కా."

 నాకు ఆ పని ఇప్పించినవాడు ఆయనే. "అల్లా ఉండాడులే అన్నా, పోయినవి నేను మళ్లీ ఎక్కిస్తా" అన్నాను. అల్లాకు చేతులెత్తి దువా చేశాను. పాత కాపీ సరిగ్గా వచ్చింది. పోయిన చీరల ఫొటోలు వెతికి, రంగు, అంచు, ధర అన్నీ మళ్లీ కొట్టాను. ఆ నేత ఇంటివాళ్లతో ఆయన తానే మాట్లాడతానన్నాడు. సరేనన్నాను.

కొన్నాళ్లకు నాకు ఆ పేజీ కనపడలేదు. అడిగితే, "అందరికీ మూసేసినా అక్కా. ఎవురైనా తెలియక చెరిపితే నా కొంప మునుగుతాది" అన్నాడు. మంచిపని చేసినావన్నాను. అప్పటినుంచి ఒక్క ధర మారినా ఆయనకు వాట్సాప్‌లో రాసి, ఆయన దిద్దేదాకా కాచుకునేదాన్ని. విసుగు రాలేదు. మా పని కాపాడే మనిషి ఒకడున్నాడని అల్లాకు షుక్ర్ చెప్పుకున్నాను.

ఫొటోలు తీయడానికి ఎమ్మిగనూరు పోయినప్పుడు ఆ ఇంటావిడ చీర పరుస్తూ, నా మొహం చూడకుండా అంది: "ఏమనుకోవద్దక్కా. ఫొటోలు తియ్యి. కంప్యూటర్లో మాత్రం చెయ్యి పెట్టొద్దు."

"ఏమైందమ్మా?"

"ఆ పొద్దు మా చీరలు తుడిపేసింది నువ్వేనంట గదా. ఆయప్ప వచ్చి సెప్పినాడు. పాపం ఇంట్లో సదువుకున్న మనిషి, తెలియలేదు, తిట్టొద్దండి అన్యాడు. అందరికీ ఉండే పేజీ నీకొక్కదానికే మూసినాడంట. నిన్ను ఒక్క మాట అననీలేదక్కా, మంచోడు."

"అది నేను కాదమ్మా."

"పోనీలేక్కా. అందురూ చేస్తారు తప్పులు" అని చీర కొంగు నా వైపు జరిపింది.

ఆదోనిలో బస్సు దిగి నేరుగా ఆయన ఆఫీసుకు పోయాను.

"నాకు ఫోన్ చేసి దువా అడిగింది మీరే కదన్నా?"

ఆయన లేచి తలుపు దగ్గరికి వేశాడు. "నా పేరు చెడితే కస్టమర్లందురూ పోతారక్కా. నీకేమి? ఇంట్లో ఉండేదానివి. నీ పేరు బయట ఎవురికి తెలుసు?"

ఎమ్మిగనూరులో ఆ ఇంటికి తెలుసు. నా పేరు తెలిసిన చోటు బయట అదొక్కటే. ఆవిడకు ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టి ఆయన ముందుంచాను. నిజం చెప్పమన్నాను.

"బాగుండారా వదినా?" అన్నాడు నవ్వుతూ. "అక్క ఈడనే ఉండాది. పాపం బాధపడతాంది. పేజీ మళ్లీ ఇస్తాండా. నేను చూసుకుంటాలే, మీకేం భయం లేదు." ఫోన్ పెట్టేసి నాతో, "సాలా అక్కా?" అన్నాడు, ఉపకారం చేసినవాడిలా.

సాయంత్రానికి పేజీ తిరిగి వచ్చింది. మగ్రిబ్ నమాజు తర్వాత షుక్ర్ చెప్పుకోవలసినవన్నీ చెప్పుకున్నాను. ఆయన పేరు మాత్రం నోటికి రాలేదు. ఒక చీర ధర మార్చాల్సి ఉంటే పేజీ తెరిచి మార్చాను. కాసేపటికే ఆవిడ ఫోన్ చేసింది.

"ధర మారింది, చూసినాక్కా. అన్న పక్కన ఉన్నాడా, నువ్వొక్కదానివే చేసినావా?"

నేనొక్కదాన్నే అన్నాను. ఉండమని చెప్పి, చీరలన్నీ ఉన్నాయో లేదో ఒక్కొక్కటీ చూసుకునేదాకా నన్ను లైన్లోనే ఉంచింది.