పసుపు తగలకూడని చేప

శుక్రవారం సాయంత్రం ఆరింటికి విశాఖలో కలకత్తా పక్కనున్న షాలిమార్ వెళ్ళే బండెక్కాను. స్లీపర్, పక్క పై బెర్తు. సంచిలో రెండు చీరలు, నా సొంత కత్తి, అక్క కోసం పావుకిలో పసుపు. "ఇక్కడి పసుపుకి వాసనే లేదే రూతూ, మన పాడేరు పసుపు తే" అని ఫోన్లో మరీ మరీ చెప్పింది అక్క.

ఎందుకెళ్ళానంటే, భీమిలి రోడ్డులో ఒక గెస్టుహౌసులో పద్దెనిమిదేళ్ళు వంట చేశాను. అక్కడికొచ్చే విదేశీ టూరిస్టుల పుణ్యమా అని ఇటలీ వంట చేతికొచ్చింది. పోయిన వేసవిలో యజమాని ఆ స్థలం అమ్మేశాడు. అప్పట్నించీ ఖాళీగా ఉన్నాను. పాత మేనేజరుగారే ఈ కబురు తెచ్చారు. కలకత్తా బాలీగంజ్‌లో ఒక పెద్దావిడ, చాలా ఏళ్ళు ఇటలీలో ఉండొచ్చారట. ఆ వంట తెలిసిన మనిషి కావాలి, ఉండటానికి గది కూడా ఇస్తారు. ఆదివారం పదకొండింటికి చేప వండి చూపించాలి. చేప నేనే ఎంచి తీసుకెళ్ళాలి, మిగతావన్నీ ఆవిడింట్లోనే ఉంటాయి. "ఒకటే షరతమ్మా, చేప తెల్లగా ఉండాలి" అన్నారు మేనేజరుగారు. నలభై తొమ్మిదేళ్ళ మనిషికి ఇంకెవరు పనిస్తారు? ఇది పోతే మరి దారి లేదనుకుంటూనే బండెక్కాను.

పలాస దాటాక గుడ్డు భోజనం కొనుక్కున్నాను, అన్నం ఉడకలేదు. కింద బెర్తు బెంగాలీ ఆయన నా సంగతంతా విని, "కలకత్తావాళ్ళకి చేప వండి పెట్టడానికి వెళ్తున్నారా?" అని పకపకా నవ్వాడు. ఒళ్ళు మండింది. "మీకు పసుపూ ఆవాలూ లేకుండా చేప వండటం రాదు కదా, అందుకే" అన్నాను. ఆ మాట అప్పుడు ఎంత గొప్పగా అన్నానో!

శనివారం పదింపావుకి షాలిమార్‌లో దిగాను. మార్త అక్క ప్లాట్‌ఫారం మీదే ఉంది. బావ హౌరా పక్కన లిలువా రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. అక్క పెళ్ళై ముప్ఫయ్యేళ్ళుగా అక్కడి క్వార్టర్స్‌లోనే ఉంటోంది. ఆ వారం బావ డ్యూటీ మీద ఖరగ్‌పూర్ వెళ్ళాడు. "ఏటే, ఇలా సిక్కిపోయినావు?" అని నా చెంప తడిమింది. రెండు ఆటోలు మారి ఇల్లు చేరేసరికి పన్నెండు. అన్నం, పప్పు, పొట్లకాయ వేపుడు. తిని పడుకున్నాను.

ఐదింటికి అక్క చర్చిలో స్త్రీల ప్రార్థనకి వెళ్ళింది. నేను బజారుకెళ్ళాను. ఎవరైనా వెళితే చెప్తున్నాను, అక్కడ భెట్కి అనేది మన పండుగప్పే. మెత్తని తెల్లటి కండ, నీచు వాసన తక్కువ. మొప్పలు ఎత్తి చూసి రెండు కిలోల చేప ఎంచాను.

"ఫిష్ ఫ్రైకా దీదీ?" అన్నాడు చేపలబ్బాయి.

"కాదు దాదా, ఇటలీ వంటకి."

నన్ను ఎగాదిగా చూసి, పెద్ద కత్తిపీట మీద తోలు తీసి, ముల్లు లేకుండా రెండు వైపులా కండ చీల్చి ఇచ్చాడు. తలా ముళ్ళూ వేరే కవర్లో కట్టాడు. అవి అక్కకి పులుసు పెట్టుకోడానికి.

ఇంటికొచ్చి చేప కడుగుతుంటే మేనేజరుగారి ఫోను. ఆ ఇంటికి ఎలా వెళ్ళాలి, ఆవిడతో ఎలా మాట్లాడాలి, అరగంట చెప్పారు. చెవికీ భుజానికీ మధ్య ఫోను నొక్కిపట్టి "ఊ, ఊ" అంటూనే కడగడం ముగించి, డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో పెట్టేశాను. ఏడున్నరకి అక్క వచ్చింది. తొమ్మిదింటికల్లా పడుకున్నాం.

పొద్దున స్నానం చేసొచ్చి డబ్బా మూత తీశాను. చేప పచ్చగా ఉంది. లేత పసుపు, అంచుల దగ్గర ఇంకా ముదురు. నీళ్ళతో కడిగాను, నిమ్మకాయ పిండాను, పాలలో ముంచాను. పోతేగా!

"అక్కా! చేపకి పసుపెందుకు రాసావే?"

"నేను ఫ్రిజ్ ముట్టనేదే" అంది అక్క.

"ముట్టకపోతే ఎలా వచ్చింది? నేను స్నానానికెళ్ళినప్పుడు రాసేశావు. నాకు తెల్దా?"

"ఒట్టే, నేను రాయనేదు."

అంతటితో ఊరుకుంటే బాగుండేది. నోరు జారాను. "నేను గొప్పోళ్ళింట్లో వంటకి కుదురుతానని నీకు కడుపుమంట. ముప్ఫయ్యేళ్ళు ఈ రెండు గదుల్లో పడి ఉన్నావు, నన్నూ ఇలాగే ఉంచాలని చూస్తన్నావు" అన్నాను. పొయ్యి మీద టీ మరుగుతోంది, అక్క దాన్ని దింపింది.

ఎనిమిదిన్నర లోకల్‌కి హౌరా, అక్కణ్ణించి బస్సు. దారిలో రెండు బజార్లలో దిగి వెతికాను. పెళ్ళిళ్ళ రోజులట, పెద్ద భెట్కి అంతా తెల్లారకముందే ఎగిరిపోయింది. పచ్చ చేపతోనే పదకొండింటికి ఆ ఇల్లు చేరాను.

డెబ్భై దాటిన మనిషి, నూలు చీర, కళ్ళద్దాలు. వంటింట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఆలివ్ నూనె వేడిచేసి, వెల్లుల్లి చితక్కొట్టి వేశాను. చిన్న టమాటాలు, నల్ల ఆలివ్‌లు, ఉప్పులో ఊరేసిన కేపర్ మొగ్గలు. అవి మెత్తబడ్డాక చేప పరిచి, మూతపెట్టి ఏడు నిమిషాలు. దించి బేసిల్ ఆకు తుంచి చల్లాను. ఆ ఆకు మన తులసికి చుట్టమే. టమాటా ఎరుపు రంగుని కప్పేస్తుందని ఆశపడ్డాను. కప్పలేదు.

ఆవిడ రెండు ముక్కలు తిన్నారు. కళ్ళు మూసుకుని మూడో ముక్క కూడా తిన్నారు. "చెయ్యి మంచిదే" అన్నారు హిందీలో. "కానీ పసుపు చేప పుట్టినప్పట్నించీ తింటున్నాను. ఇదెలా జరిగింది?"

"మా అక్క రాసిందండీ" అన్నాను.

ఆవిడ నా వేళ్ళకేసి చూశారు. గోళ్ళ సందుల్లో పసుపు. "చేప తెమ్మని చెప్పింది నీకు, మీ అక్కకి కాదు. తప్పు జరిగితే ఇంకొకరి మీదకి తోసే మనిషి నాకొద్దమ్మా" అని లేచి వెళ్ళిపోయారు. నా కత్తి నేను కడుక్కుని బయటికొచ్చాను.

ఆ రోజంతా అక్కతో మాట్లాడలేదు. నా బతుకు చేతులారా పాడుచేసిందని కుళ్ళి కుళ్ళి ఏడ్చాను. సోమవారం మూడింటికి షాలిమార్‌లో బండి. అక్క వచ్చి నన్ను ఎక్కించి, ఒళ్ళో టిఫిను డబ్బా పెట్టి, "ఆకలైతే తిను" అని దిగిపోయింది. కిటికీలోంచి చెయ్యైనా ఊపలేదు నేను.

బాలాసోర్ దాటాక ఆకలికి ఆగలేక డబ్బా తెరిచాను. అన్నం, తలా ముళ్ళూ పెట్టిన పులుసు. ఎదురు బెర్తులో పలాస ఆవిడ, మనిషి కలుపుగోలుగా ఉంది, తొంగి చూసింది.

"పండుగప్పేనా అమ్మా? పులుసులో పసుపు పడనేదేటి? అయిపోయిందేటి ఇంట్లో?"

ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ముప్ఫయ్యేళ్ళలో అక్క పసుపు లేకుండా పులుసు పెట్టడం నేనెరగను. ఎంగిలి చెయ్యి అలాగే పట్టుకుని, ఎడంచేత్తో సంచి లాగి చీరలు బయటపడేశాను. అడుగున పసుపు పొట్లం. ఇవ్వనే లేదు అక్కకి. మూల పంటితో కొరికి చింపి ఉంది. మడతపెట్టి పిన్నీసు గుచ్చి ఉంది. ఆ పిన్నీసు నా గాజులకి వేలాడేది.

ఫోను "ఊ" కొడుతూ కడిగాను కదా. ముప్ఫయ్యైదేళ్ళుగా చేప కడిగిన చెయ్యి. అక్క డబ్బాలో పసుపు లేకపోతే నా సంచిలోంచి తీసి మరీ రాసింది. నాకు తెలియనే తెలియలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

భద్రక్‌లో సిగ్నల్ దొరికింది.

"అక్కా, పసుపు నా సంచిలోనే ఉందే. నేనే రాశాను."

"తెలుసు. నువ్వు తెస్తావని వారం నించీ కొననేదు. ఇంట్లో చిటికెడు నేదు."

"మరి ఆ మాట అప్పుడే చెప్పొచ్చు కదే!"

"ముట్టనేదని చెప్పేను. ఒట్టేసేను. నువ్వు నమ్మనేదు" అంది. "మద్దేన్నం నిన్ను ఎక్కించి వచ్చీటప్పుడు ఇక్కడే కొనుక్కున్నాను. మరి నువ్వు తేనక్కర్నేదు."

"అక్కా, కడుపుమంట అన్నానే..." అనేలోగా పెట్టేసింది. మళ్ళీ చేస్తే ఎత్తలేదు.

మంగళవారం తెల్లారి ఐదింటికి విశాఖలో దిగాను. కలకత్తాలో ఏం చూశావని అందరూ అడుగుతారు. వంతెన చూశాను, బజారు చూశాను, ఒక వంటిల్లు చూశాను. సంచిలో పావుకిలో పసుపు అలాగే తిరిగొచ్చింది, ఒక చెంచాడు తక్కువ.